జంగారెడ్డిగూడెం దారుల మీద ట్రయథ్లాన్ సాధన: ఏ సైకిల్ కొనాలి?

ఈత, సైకిల్, పరుగు అనే మూడు అంశాలను నడుమ విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటిగా పూర్తి చేయవలసిన పోటీని ట్రయథ్లాన్ అంటారు. దూరాలను బట్టి ఇందులో పలు తరగతులు ఉన్నాయి. ఒలింపిక్ క్రీడల్లో 2000 నాటి సిడ్నీ పోటీల నుంచి జరుగుతున్నది 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు కలిసిన తరగతి కాగా, తెలుగు ఔత్సాహికులకు దగ్గరలో ఉన్న పెద్ద వేదిక 2019 అక్టోబరులో గోవాలో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3. పేరులోని సంఖ్య మొత్తం దూరాన్ని మైళ్లలో సూచిస్తుంది. అంటే సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఆ వెంటనే 90 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. దూరాన్ని బట్టి చూసినా, పట్టే సమయాన్ని బట్టి చూసినా ఇందులో సింహభాగం సైకిల్‌దే కాబట్టి, ఈ పోటీ మీద మనసు పడిన ప్రతివారికీ మొదట ఎదురయ్యే ప్రశ్న, ఖర్చుతో కూడిన ప్రశ్న, సైకిల్ ఎంపికే అవుతుంది.

ఈ ప్రశ్నకు గోవా తీరంలో నిలబడి ఆలోచిస్తే ఒక సమాధానం, జంగారెడ్డిగూడెం బస్టాండు దగ్గర నిలబడి ఆలోచిస్తే మరొక సమాధానం వస్తాయి. పోటీ జరిగేది ఒక్క రోజు. దానికి సిద్ధపడే సాధన నెలల తరబడి, తెల్లవారుజామున, ఊరి చుట్టూ ఉన్న దారుల మీద జరుగుతుంది. కనుక సాధన కోసం కొనే సైకిల్‌ను నిర్ణయించవలసింది పోటీ దారి కాదని, సాధన జరిగే దారి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఆ ప్రతిపాదన ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవాలంటే ముందుగా రెండు రకాల సైకిళ్ల నిర్మాణంలో ఉన్న తేడాను, ఆ తేడా వెనుక ఉన్న భౌతికశాస్త్రాన్ని కొంత ఓపికగా పరిశీలించాలి.

రోడ్ సైకిల్ అంటే సన్నని టైర్లు, తేలికైన ఫ్రేమ్, పొట్టేలు కొమ్ముల్లా ముందుకు వెళ్లి కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న గేర్ సైకిల్. దీని హ్యాండిల్ మీద చేతులు పెట్టుకోవడానికి కనీసం మూడు చోట్లు ఉంటాయి: పైనున్న అడ్డకడ్డీ, బ్రేక్ లీవర్ల మీది గుబ్బలు, వంపు కిందిభాగం. వీటిలో చివరి రెండు చోట్ల చేతులు ఉన్నప్పుడు బ్రేకులు, గేర్లు వేళ్లకు అందుబాటులోనే ఉంటాయి. ట్రయథ్లాన్ సైకిల్‌లో అలా కాక, హ్యాండిల్ మధ్య నుంచి ముందుకు చాచుకుని ఉండే రెండు కడ్డీలు, వాటి వెనుక మోచేతులు ఆనించుకునే మెత్తని దిండ్లు ఉంటాయి. ఈ అమరికను ఏరోబార్ అంటారు. తొక్కే మనిషి మోచేతుల మీద బరువు మోపి, వీపును నేలకు దాదాపు సమాంతరంగా వంచి, తలను భుజాల మధ్యకు దించుకుని గాలిని చీల్చుకుంటూ పోవడానికి ఇది ఏర్పాటు. గేర్లు మార్చే మీటలు ఈ కడ్డీల కొసల్లో ఉంటాయి. బ్రేకులు మాత్రం పక్కకు విడిగా ఉన్న అడ్డకడ్డీ మీద ఉంటాయి. ఈ ఒక్క విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే జంగారెడ్డిగూడెం వంటి చోట చివరి నిర్ణయం చాలావరకు దీని మీదనే ఆధారపడుతుంది.

రెండో తేడా సీటు కోణంలో ఉంది. సీటును మోసే గొట్టం నేలతో చేసే కోణం రోడ్ సైకిల్‌లో సాధారణంగా 72 నుంచి 74 డిగ్రీల వరకు ఉండగా, ట్రయథ్లాన్ సైకిల్‌లో 76 నుంచి 80 డిగ్రీల దాకా ఉంటుంది. గొట్టం నిటారుగా ఉన్నకొద్దీ మనిషి పెడళ్లకు వెనుకగా కాక, దాదాపు వాటికి నేరుగా పైన కూర్చుంటాడు. నడుము ఎంత వంగినా తొడకు, పొట్టకు మధ్య ఉండే కోణం మరీ మూసుకుపోకుండా ఉండటానికే ఈ మార్పు. రోడ్ సైకిల్ మీద అంతగా వంగితే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు పొట్టను తాకబోతుంది, ఊపిరి బిగుస్తుంది, తుంటి కండరాలు పట్టేస్తాయి. సైకిల్ దిగిన వెంటనే 21 కిలోమీటర్లు పరుగెత్తవలసిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ట్రయథ్లాన్ సైకిల్ రూపం క్రమంగా ఏర్పడింది. అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్ ఆలోచనతో 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లో జరిగిన మొట్టమొదటి ఐరన్‌మ్యాన్‌లో 15 మంది బయలుదేరగా 12 మంది పూర్తి చేశారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు కలిసిన ఆ పోటీని గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచినప్పుడు ట్రయథ్లాన్ సైకిల్ అనే వస్తువే లోకంలో లేదు. ఏరోబార్లు వచ్చినది 1980ల నడుమ. నిటారు సీటు గొట్టంతో ట్రయథ్లాన్ కోసమే ప్రత్యేకించి సైకిల్‌ను రూపొందించినవాడు అదే దశకం చివర క్వింటానా రూ సంస్థకు చెందిన డాన్ ఎంఫీల్డ్. ఏరోబార్ శక్తిని ప్రపంచం మొత్తం చూసినది మాత్రం 1989 జులై 23న. ఆ రోజు టూర్ డి ఫ్రాన్స్ చివరి అంకంలో 24.5 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కే పోటీకి దిగేనాటికి ఫ్రాన్స్ వీరుడు లోరాన్ ఫిన్యాన్ కంటే 50 సెకన్లు వెనుకబడి ఉన్న అమెరికన్ గ్రెగ్ లెమాండ్, ఏరోబార్లు బిగించుకుని తొక్కి, మూడు వారాల పోటీని మొత్తం మీద 8 సెకన్ల తేడాతో గెలుచుకున్నాడు. అంత గెలుపు తెచ్చిన ఆ కడ్డీలు హ్యాండిల్‌కు విడిగా తగిలించే రకానివన్న సంగతి ఈ వ్యాసానికి ముఖ్యం.

ఇక భౌతికశాస్త్రం. చదునైన దారి మీద సైకిల్ తొక్కే మనిషి పెట్టే శక్తిలో అధిక భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది, మిగిలినది టైర్ల రాపిడికి పోతుంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కొనడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే గాలికోసం పెట్టవలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఒంటికి, సైకిల్‌కు కలిపి గాలి తగిలే ప్రభావవంతమైన వైశాల్యాన్ని చదరపు మీటర్లలో కొలుస్తారు. రోడ్ సైకిల్ మీద గుబ్బలు పట్టుకుని కూర్చున్న మధ్యరకం మనిషికి ఇది సుమారు 0.36, చక్కగా అమరిన ట్రయథ్లాన్ సైకిల్ మీద సుమారు 0.27 అనుకోవచ్చు. మనిషి, సైకిల్ కలిసి 80 కిలోల బరువని, గాలి లేని వెచ్చని ఉదయమని భావించి లెక్క వేస్తే, గంటకు 30 కిలోమీటర్ల వేగానికి మొదటి భంగిమలో సుమారు 153 వాట్లు, రెండో భంగిమలో సుమారు 123 వాట్లు కావాలి. తేడా 30 వాట్లు. అదే గంటకు 20 కిలోమీటర్ల వేగం దగ్గర ఈ తేడా 9 వాట్లకు పడిపోతుంది.

ఈ లెక్కను సమయంలోకి మార్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఆ 153 వాట్ల శక్తితోనే రోడ్ సైకిల్ మీద 90 కిలోమీటర్లకు 3 గంటలు పడితే, ట్రయథ్లాన్ సైకిల్ మీద వేగం గంటకు 32.7 కిలోమీటర్లకు చేరి 2 గంటల 45 నిమిషాలు పడుతుంది, పావుగంట మిగులుతుంది. ఇక మూడో మార్గం ఉన్నది: రోడ్ సైకిల్ హ్యాండిల్‌కే విడిగా దొరికే ఏరోబార్‌ను తగిలించడం. క్లిప్-ఆన్ అని పిలిచే ఈ అమరికతో వైశాల్యం 0.30 దాకా తగ్గుతుందనుకుంటే, అదే శక్తికి వేగం గంటకు 31.7 కిలోమీటర్లు, సమయం దాదాపు 2 గంటల 50 నిమిషాలు. అనగా లక్షలు పోసి కొనే సైకిల్ ఇచ్చే పావుగంట లాభంలో పది నిమిషాలు కొన్ని వేల రూపాయల కడ్డీల జతతోనే చేతికొస్తాయి. మనిషి మనిషికీ ఒడ్డూ పొడుగూ మారతాయి కాబట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ కావచ్చు గాని, వాటి మధ్యనున్న నిష్పత్తి పెద్దగా మారదు. గాలిని అడ్డుకునేది ప్రధానంగా మనిషి ఒళ్లే తప్ప సైకిల్ గొట్టాలు కావన్నదే దీనికి కారణం.

ఒక పోటీకి ఏ సైకిల్ తగినదో తేల్చే మరో అంశం డ్రాఫ్టింగ్ నియమం. ముందు పోయే సైకిల్ వెనుక, దాని గాలినీడలో తొక్కడాన్ని డ్రాఫ్టింగ్ అంటారు. దీనివల్ల వెనుకవాడికి ఎంతో శక్తి ఆదా అవుతుంది. ఒలింపిక్ తరగతిలో అగ్రశ్రేణి క్రీడాకారులకు ఇది అనుమతించిన పని కాబట్టి వారు గుంపుగా, చక్రానికి చక్రం ఆనేంత దగ్గరగా తొక్కుతారు. అక్కడ ముందుకు పొడుచుకుని ఉండే ఏరోబార్లు పక్కవాడికి ప్రమాదం, అందువల్ల వాడేది రోడ్ సైకిలే. ఐరన్‌మ్యాన్ తరహా పోటీల్లో మాత్రం ఔత్సాహికులు ముందువాడి చక్రానికి, తమ చక్రానికి మధ్య 12 మీటర్ల దూరం పాటించాలి. ప్రతివాడూ తన గాలిని తానే చీల్చుకోవలసిన ఈ పోటీల కోసమే ట్రయథ్లాన్ సైకిల్ పుట్టింది. టెక్సాస్‌లో, గల్ఫ్ దేశాల్లో స్థిరపడిన తెలుగువారికి ఇంటి దగ్గరలోనే ఇలాంటి పోటీలు జరుగుతాయి. హ్యూస్టన్ శివార్లలోని వుడ్‌లాండ్స్‌లో జరిగే ఐరన్‌మ్యాన్ టెక్సాస్‌లో సైకిల్ దారి చదునైన టోల్ రహదారి మీద సాగుతుంది. అటువంటి చోట సాధన చేసేవారికి ట్రయథ్లాన్ సైకిల్ కొనడం తొందరపాటు అనిపించుకోదు.

జంగారెడ్డిగూడెం పరిస్థితి వేరు. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడేదాకా పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న ఈ పట్టణం గోదావరి డెల్టా కాలువల నేలకు ఎగువన, మెట్ట ప్రాంతంలో ఉంది; ఉత్తరాన బుట్టాయగూడెం దాటితే ఏజెన్సీ కొండలు మొదలవుతాయి. దేవరపల్లి నుంచి గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం మీదుగా జీలుగుమిల్లికి పోయే 516డి జాతీయ రహదారి, కామవరపుకోట మీదుగా ఏలూరుకు పోయే దారి, బుట్టాయగూడెం దారి ఇక్కడి సైకిల్ సాధకులకు ప్రధానమైనవి. ఈ దారులు డెల్టాలో లాగా బల్లపరుపుగా ఉండవు. ఎత్తుపల్లాలతో, తోటల మధ్య మలుపులతో సాగుతాయి. సాధనకు ఇది ఒక విధంగా వరమే, ఎందుకంటే చిన్న చిన్న ఎత్తులు ఎక్కి దిగడం కాళ్లకు ఇచ్చే బలాన్ని చదునైన దారి ఇవ్వలేదు. అయితే ఎత్తు ఎక్కేటప్పుడు వేగం గంటకు 15 కిలోమీటర్లకు పడిపోతుంది గనుక ఏరోబార్ వల్ల ఒనగూరేది దాదాపు శూన్యం. దిగేటప్పుడు మలుపు అవతల ఏముందో తెలియదు గనుక దాని మీద పడుకుని తొక్కడం వివేకం కాదు.

దారిలో ఎదురయ్యే రద్దీ స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. జంగారెడ్డిగూడెం వర్జీనియా పొగాకు వేలానికి పేరుపొందిన ఊరు. వేలం జరిగే నెలల్లో పొగాకు బేళ్లు నింపుకున్న ట్రాక్టర్లు, లారీలు తెల్లవారకముందే బారులు తీరతాయి. పామాయిల్ తోటల నుంచి గెలల లోడుతో పోయే ట్రాక్టర్లు తోట గట్ల మీది నుంచి ఒక్కసారిగా తారు రోడ్డు ఎక్కుతాయి. కోతల కాలంలో మొక్కజొన్న, ధాన్యం రోడ్డు సగం మేరకు ఆరబోసి, వాటికి కాపుగా రాళ్లు పేర్చి ఉంటాయి. రైతుకు వేరే కళ్లం లేనప్పుడు ఆ పని తప్పు పట్టదగినది కాదు. సైకిల్ తొక్కేవాడే దానికి తగినట్టు ఉండాలి. వీటికి తోడు ప్రతి ఊరి మొదట్లోను చివర్లోను స్పీడ్ బ్రేకర్లు, మేతకు పోయే గేదెల మందలు, కుక్కలు ఉంటాయి.

ఇప్పుడు బ్రేకుల సంగతికి తిరిగి రావాలి. గంటకు 32 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్ ఒక్క సెకనులో దాదాపు 9 మీటర్లు ముందుకు పోతుంది. మోచేతులు దిండ్ల మీద, చేతులు ముందు కడ్డీల మీద ఉన్న మనిషి ప్రమాదాన్ని గుర్తించాక ఒళ్లు పైకెత్తి, చేతులు వెనక్కు తీసి, అడ్డకడ్డీ మీది బ్రేకులు పట్టుకోవడానికి ఎంత అలవాటున్నా ఆ ఒక్క సెకను కావాలి. పైగా మోచేతుల మీద బరువు ఉన్నప్పుడు సైకిల్‌ను పక్కకు మళ్లించే అదుపు బాగా తగ్గుతుంది. మనిషి బరువు ముందు చక్రం మీద ఎక్కువగా పడుతుంది కాబట్టి గుంత తగిలితే దెబ్బ గట్టిగా ఉంటుంది. దిండ్ల మీద పడుకోకుండా తొక్కితే సరిపోతుంది కదా అనవచ్చు. అప్పుడు ట్రయథ్లాన్ సైకిల్ అడ్డకడ్డీ పట్టుకుని తొక్కాలి. గేర్ మీటలు చేతికి అందవు (విద్యుత్ గేర్లు ఉన్న ఖరీదైన రకాల్లో మాత్రమే అడ్డకడ్డీ మీద కూడా గేర్ బొత్తాలు ఉంటాయి), చేతులు మార్చి పెట్టుకోవడానికి మరో చోటు ఉండదు. ఏ భంగిమ కోసం ఆ సైకిల్‌ను కొన్నారో ఆ భంగిమను వాడకుండా, దాని లోపాలను మాత్రమే అనుభవిస్తూ నెలల తరబడి తొక్కడం జరుగుతుంది. ఇది ధన నష్టమే కాదు, సాధన నష్టం కూడా.

ఖమ్మం నుంచి దేవరపల్లి వరకు ఈ ప్రాంతం మీదుగా వేసిన కొత్త హరిత రహదారి నున్నగా, తిన్నగా ఉంటుంది కదా అన్న ఆలోచన కొందరికి రావచ్చు. ప్రవేశ నియంత్రణ ఉండే అలాంటి రహదారులు అతివేగంగా పోయే మోటారు వాహనాల కోసం కట్టినవి, సైకిల్ సాధనకు అవి చోటు కావు. ఆ ఆలోచనను మొదట్లోనే వదులుకోవాలి. దిగువన ఉన్న డెల్టా కాలువ గట్ల దారులు చదునుగా ఉన్నా ఇరుకు. నైరుతి రుతుపవనాల కాలంలో అడ్డంగా వీచే గాలి, ట్రయథ్లాన్ సైకిళ్లకు తరచుగా ఉండే లోతైన రిమ్ముల చక్రాలను పక్కకు నెడుతుంది. తెలుగు నేల మీద ట్రయథ్లాన్ సైకిల్‌కు నిజంగా అనువైన చోట్లు లేకపోలేదు. హైదరాబాదులో బాహ్య వలయ రహదారి పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన, సౌర ఫలకాల కప్పు ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ దారి అటువంటిది. వాహనాల రద్దీ పెరగకముందు, వేకువన, విశాఖపట్నం నుంచి భీమిలి పోయే సముద్రతీరపు దారి కూడా కొంతవరకు ఆ కోవలోనిదే. వారానికి ఒకసారి అక్కడికి చేరగలవారి సంగతి వేరు.

మరమ్మతు విషయం చాలామంది కొన్నాక గాని ఆలోచించరు. సర్కారు తుమ్మ ముళ్లు రాలే దారుల్లో పంక్చర్ తప్పని సంగతి. పట్టణంలోని సైకిల్ షాపుల్లో ఉండే పంపు మామూలు సైకిల్ వాల్వుకు తగినది. రోడ్, ట్రయథ్లాన్ సైకిళ్ల ట్యూబులకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వులో గాలి కొట్టాలంటే చిన్న ఇత్తడి మర కావాలి, దాన్ని ఎప్పుడూ జేబులోనే ఉంచుకోవాలి. ఇంతవరకు రెండు సైకిళ్లకూ సమానమే. కాని ట్రయథ్లాన్ సైకిల్‌లో బ్రేకు, గేరు తీగలు హ్యాండిల్ లోపలి నుంచి, ఫ్రేమ్ లోపలి నుంచి పోతాయి. ఒక తీగ మార్చాలన్నా ముందుభాగం మొత్తం విప్పవలసి వస్తుంది. లోతైన రిమ్ములకు పొడవైన వాల్వు ఉన్న ట్యూబులే సరిపోతాయి, అవి ఊళ్లో దొరకవు. ఆ పని తెలిసిన మెకానిక్ కోసం వంద కిలోమీటర్లకు పైగా ఉన్న విజయవాడకో, అంతకంటే దూరానికో సైకిల్‌ను మోసుకుపోవాలి. రోడ్ సైకిల్, అందులోనూ తీగలు బయటికి కనిపించే అల్యూమినియం రకం అయితే, చేతిపని మీద ఆసక్తి ఉన్నవారు చాలా మరమ్మతులు ఇంట్లోనే నేర్చుకుని చేసుకోవచ్చు. టైరు విషయంలో కూడా ఇదే మొగ్గు కనిపిస్తుంది: ఇప్పటి రోడ్ సైకిళ్లు అనేకం 28 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లకు చోటిస్తాయి. వెడల్పు టైరులో గాలి ఒత్తిడి తక్కువగా ఉంచవచ్చు కాబట్టి గతుకుల దారి మీద ఒంటికీ, రిమ్ముకూ దెబ్బ తగ్గుతుంది.

ఇంత చెప్పాక, ట్రయథ్లాన్ సైకిల్ పక్షాన ఉన్న గట్టి వాదాన్ని కూడా న్యాయంగా వినాలి. శరీరం ఏ భంగిమలో సాధన చేస్తే ఆ భంగిమలోనే రాటుదేలుతుంది. మెడ ఎత్తి ముందుకు చూస్తూ, నడుము వంచి మూడు గంటలు కదలకుండా ఉండటం పోటీ రోజున కొత్తగా చేయగలిగే పని కాదు. దానికి మెడ కండరాలు, నడుము, తొడ వెనుక కండరాలు వారాల తరబడి అలవాటు పడాలి. ట్రయథ్లాన్ సైకిల్‌ను కొని అటక మీద పెట్టి, పోటీకి మాత్రమే దింపేవారు 60వ కిలోమీటరు దగ్గరే మెడనొప్పితో లేచి కూర్చుంటారు. అక్కడి నుంచి గాలి లాభం పోయినట్టే. కనుక పోటీకి వాడే సైకిల్ మీద కనీసం చివరి ఆరు నుంచి ఎనిమిది వారాలు క్రమం తప్పకుండా సాధన జరగాలి. ఈ వాదం నిజమైనదే. కాని ఇది ట్రయథ్లాన్ సైకిల్ కొనమని చెప్పడం లేదు. పోటీ భంగిమలో సాధన చేయమని చెబుతున్నది. ఆ భంగిమను క్లిప్-ఆన్ ఏరోబార్ బిగించిన రోడ్ సైకిల్ మీద అలవరచుకోవచ్చు. ఇంట్లో వెనుక చక్రాన్ని బిగించి కదలకుండా తొక్కే ఇండోర్ ట్రైనర్ అనే పరికరం ఉంటే మరింత భద్రంగా అలవరచుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మెట్ట ఎండలు ఉదయం ఎనిమిదికే దారిని మూసివేస్తాయి కాబట్టి, ఫ్యాను గాలిలో ట్రైనర్ మీద మోచేతులు ఆనించి గంటసేపు తొక్కే సాధన ఇక్కడివారికి ప్రత్యేకంగా ఉపయోగం. చెమట కారి హ్యాండిల్ మరలు తుప్పు పట్టకుండా తుడుచుకోవడం ఒక్కటే అందులో జాగ్రత్త.

క్లిప్-ఆన్ బిగించడంలో కొన్ని నియమాలు పాటించాలి. దాని పట్టీ గుండ్రని కడ్డీని మాత్రమే పట్టుకుంటుంది. పైభాగం చదునుగా ఉన్న హ్యాండిళ్లకు అది సరిపడదు, కార్బన్ హ్యాండిల్ అయితే తయారీదారు అనుమతి ఉన్నదీ లేనిదీ చూడాలి. రోడ్ సైకిల్ సీటు వెనుకగా ఉంటుంది కాబట్టి దాన్ని ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపి, ఆ మేరకు కొద్దిగా ఎత్తు పెంచాలి. మోచేతి దిండ్లను మొదట్లో ఎత్తుగా ఉంచుకుని, ఒళ్లు అలవాటు పడినకొద్దీ దించుకుంటూ పోవాలి. మొదటి రోజే బాగా వంగాలన్న పట్టుదల నడుమునొప్పికి దారి. ఖాళీ దారి మీద ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టి నెలన్నరలో అరగంట దాకా పెంచుకోవచ్చు. ఊరు కనబడగానే, వాహనం వినబడగానే, మలుపు రాగానే చేతులు బ్రేకుల మీదికి రావాలి. ఇది ఆలోచించి చేసే పనిగా కాక చేతికి వచ్చిన అలవాటుగా మారాలి. ఏలూరులోనో రాజమహేంద్రవరంలోనో ఇతరులతో కలిసి గుంపుగా తొక్కేటప్పుడు ఏరోబార్ జోలికే పోకూడదు. వెనుకవారి ప్రాణాలు ముందువాడి చేతుల్లో ఉంటాయి.

సాధన విధానం కూడా రోడ్ సైకిల్ వైపే మొగ్గుతుంది. వారంలో ఒక రోజు ఎత్తులున్న దారి మీద బలం కోసం, ఒక రోజు ట్రైనర్ మీద పోటీ భంగిమ కోసం, ఒక రోజు మూడు గంటల పైబడిన సుదీర్ఘ ప్రయాణం కోసం కేటాయించడం సాధారణ పద్ధతి. సుదీర్ఘ ప్రయాణం తర్వాత సైకిల్‌ను గోడకు ఆనించి వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు పరుగెత్తడాన్ని బ్రిక్ సాధన అంటారు. కాళ్లు ఒక పని నుంచి మరో పనికి మారేటప్పుడు కలిగే బరువును ఇది పోగొడుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ ట్రయథ్లాన్ సైకిల్ లేకుండా పని జరగని స్థితి లేదు. తెల్లవారుజామున చీకట్లో బయలుదేరేవారికి లైట్లు బిగించుకునే చోటు, మంచినీళ్ల సీసాలు రెండు పట్టే చోటు, వర్షాకాలంలో మడ్‌గార్డు తగిలించుకునే వీలు రోడ్ సైకిల్‌లో సులువుగా దొరుకుతాయి. ట్రయథ్లాన్ మీద ఆసక్తి తగ్గినా అది వృథా కాదు. 13 గంటల 30 నిమిషాల్లో 200 కిలోమీటర్లు పూర్తి చేసే బ్రెవె అనే సుదూర యాత్రలకు అదే పనికొస్తుంది.

ఏ రకం కొన్నా కొలత ముఖ్యం. మనిషి ఎత్తును బట్టి కాక, ఫ్రేమ్ ఎత్తు, పొడవు రెండింటినీ బట్టి సైజు ఎంచుకోవాలి. మహిళలకు, పొట్టివారికి చిన్న సైజులు దొరకడం కష్టమని, ఉన్న సైజులోనే సర్దుకోమని చెప్పే అమ్మకందారు మాట వినకూడదు. సీటు ఎత్తు సరైనదైతే పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల మేరకు మాత్రమే వంగి ఉంటుంది. సరిపడని పెద్ద ఫ్రేమ్ మీద ఏరోబార్ బిగిస్తే మనిషి చాచుకుని పోయి, భుజాలు నొప్పెట్టి, ఉన్న లాభం కూడా పోతుంది. కొత్త సైకిల్ ధరలో కొంత తగ్గించుకునైనా, అనుభవం ఉన్నవారి చేత భంగిమ సరిచూపించుకోవడానికి కొంత డబ్బు దాచుకోవడం మేలు.

అయితే ట్రయథ్లాన్ సైకిల్ ఎవరు కొనాలి? చదునైన దారి మీద ఒంటరిగా గంటకు 30 కిలోమీటర్లకు తగ్గని వేగాన్ని రెండు మూడు గంటలు నిలపగలిగినవారు. క్లిప్-ఆన్ భంగిమలో గంటకు పైగా హాయిగా ఉండగలిగినవారు. కనీసం ఒకటి రెండు 70.3 పోటీలు పూర్తి చేసి, ఇకపై 180 కిలోమీటర్ల సైకిల్ ఉండే పూర్తి ఐరన్‌మ్యాన్ మీద గురి పెట్టినవారు. ఇంట్లో ట్రైనర్, రోడ్డు మీద తొక్కడానికి వేరే రోడ్ సైకిల్ ఉన్నవారు. వీరికి ఆ ఖర్చు సార్థకమే, వారికి మిగిలే నిమిషాలు కష్టపడి సంపాదించుకున్నవే. ఈ నాలుగింటిలో ఏది లోపించినా ఆ కొనుగోలును వాయిదా వేయడం మంచిది. గోవా 70.3లో మూడు అంశాలకూ కలిపి ఇచ్చే గడువు ఎనిమిదిన్నర గంటలు; ఆ గడువులో పూర్తి చేయడమే లక్ష్యమైన మొదటిసారి పోటీదారుకు సైకిల్ రకం అడ్డంకి కాదు, సాధన కొరత మాత్రమే అడ్డంకి.

జంగారెడ్డిగూడెంలో గాని, దాని చుట్టుపక్కల కొయ్యలగూడెం, బుట్టాయగూడెం, కామవరపుకోటల్లో గాని ఈ పోటీకి సిద్ధపడాలనుకునే యువతీయువకులు ముందుగా ఒక నెలపాటు ఏదో ఒక గేర్ సైకిల్ మీద తాము సాధన చేయబోయే దారిని రోజూ తొక్కి, ఎన్ని చోట్ల బ్రేకు పట్టవలసి వచ్చిందో గమనించాలి. ఆ తర్వాత 28 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు పట్టే, తమ ఒంటికి సరిపడిన అల్యూమినియం రోడ్ సైకిల్‌ను, దానికి తగిన క్లిప్-ఆన్ జతను, మంచి హెల్మెట్‌ను, ముందూ వెనుకా రెండు లైట్లను కొనుక్కోవాలి. మిగిలిన డబ్బును టైర్లకు, ఈత శిక్షణకు, గోవా ప్రయాణానికి ఉంచుకోవాలి.